వెనక్కి తిప్పిన సరంగు

మొన్న సోమవారం ఆఫీసులో ఫైళ్ళ మధ్య ఉండగా ఫోన్ మోగింది. ఉత్తరాఖండ్ కొండల్లో మమ్మల్ని నడిపించిన గైడ్. కిందటేడు కూడా ఇదే రోజుల్లో, దారులు తెరిచే ముందు, ఒకసారి పలకరించాడు. "దీదీ, కప్తాన్ సాబ్ ఈసారి కూడా వస్తున్నారా?" అని హిందీలో హుషారుగా అడిగాడు. వానాకాలం చివర్లో ఆయన పోయాడని, గుండె ఆగిపోయిందని చెప్పాను.

"మా ఊళ్ళో టీకొట్టు దగ్గర ఆయన్ని ఇప్పటికీ అడుగుతారు దీదీ," అన్నాడు. "పైకి ఎక్కినవాళ్ళు ఎంతోమంది. వాళ్ళ మొహాలు గుర్తుండవు. వెనక్కి తిరిగిన కప్తాన్ సాబ్ మాత్రం అందరికీ గుర్తే."

నిజానికి ఆయన కప్తాన్ కాదు. మా దీవుల్లో, బాంబూఫ్లాట్ నుంచి చాథం దాకా పోర్ట్‌బ్లెయిర్ హార్బరు దాటించే ఫెర్రీకి సరంగు. అంటే చుక్కాని పట్టి బోటు నడిపేవాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పావుగంట ప్రయాణం. ముప్పై నాలుగేళ్ళు ఆ పావుగంటలోనే అటూ ఇటూ తిరిగాడు. నేను కాలేజీకి వెళ్ళినప్పుడూ, తర్వాత డెలానీపూర్‌లో ఉద్యోగానికి వెళ్ళినప్పుడూ ఆయన బోటులోనే దాటాను. మాటలు కలిసింది మాత్రం ఆయన రిటైరయ్యాక, కొండ మీద.

పొట్టి మనిషి. గట్టి నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడేవాడు. ఎవరైనా ఎదురైతే ముందు వాళ్ళ మొహం కాదు, కాలిజోళ్ళు చూసేవాడు. రిటైరయ్యాక ఫెర్రీ ఎక్కినా, ఎవరు లేచి చోటిచ్చినా, ఒక్కనాడూ కూర్చోలేదు. తన మోకాళ్ళతో పైకే మాట్లాడేవాడు. "చలో, ఎడమదానా, నీ నకరాలు రేపు సేద్దువు గాని," అని బుజ్జగించి మరీ మెట్టెక్కేవాడు. కుడి మోకాలి మీద మాత్రం ఎప్పుడూ ఫిర్యాదు లేదు.

నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. మా ఆయన దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ రూములో పని చేస్తాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని నేను బరువెక్కాను. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, ఇంకో ఆరు నెలలు ఇలాగే ఉంటే షుగరు మాత్రలు మొదలుపెట్టాలన్నాడు. మర్నాడు పొద్దున్నే బాంబూఫ్లాట్ వెనకున్న హారియట్ కొండ దారి పట్టాను. ఆ కొండకి పేరు మారింది గాని మా నోళ్ళలో ఇంకా పాత పేరే. రెండో మలుపు కూడా దాటకుండానే దారి పక్క గట్టు మీద కూలబడ్డాను.

వెనక నుంచి ఆయన వచ్చాడు. లుంగీ మోకాళ్ళ దాకా మడిచి కట్టుకున్నాడు. వీపున పాత స్కూలు బ్యాగు, దాని నిండా నీళ్ళ సీసాలు. నా చెప్పులు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఒలే బిటియా, నిన్న ఏటి కూర వొండినావు?"

"బెండ... కాయ... పులుసు," అన్నాను, రెండుసార్లు ఊపిరి తీసుకుని.

"అదిగో! కూర పేరు ఒక్క ఊపిరిలో సెప్పలేకపోనావంటే కాలు జోరైపోనాదని అర్థం. ధీరే ధీరే. మాటాడతా ఎక్కాల. మాట ఆగితే కాలూ ఆగాల."

ఆ రోజు ఐదో మలుపు దాకా తీసుకెళ్ళాడు. ఆ తర్వాత రోజూ ఆయన వెనకే నడిచాను. ప్రతి మలుపు దగ్గరా కూర అడిగేవాడు. ఇంట్లో కూర లేని రోజు మా మేనమామ పేరో, ఆఫీసు అడ్రసో చెప్పమనేవాడు. నేను తడబడకుండా జవాబు చెబితే ఇంకో మలుపు, తడబడితే విశ్రాంతి. రెండు నెలలకి కొండ కొస దాకా మాట్లాడుతూ ఎక్కగలిగాను. అక్కడ బల్ల మీద కూర్చుని, ఆ నీళ్ళ సీసాల మోత ఎందుకని అడిగాను.

"హిమాలయాలకి ఎల్తన్నాను."

"యాత్రకా బాబాయ్?"

"యాత్ర కాదు, ట్రెక్కింగు. పద్నాలుగు వేల అడుగుల మీద కనుమ ఒకటి ఉన్నాది. అటేపు నించి ఎక్కి ఇటేపు దిగడం."

"ఎందుకు?"

సమాధానం ముందే సిద్ధం చేసుకున్నవాడిలా చెప్పాడు. "నా సర్వీసంతా సున్నా దగ్గిరే అయిపోనాది. పోటు వత్తే మీటరు పైకి, నీరు తీత్తే మీటరు కిందకి. అంతే నాను ఎక్కిన ఎత్తు. ఒకసారి పైకెల్లి సూడాల. అంతే, ఇంకేటీ లేదు."

ఆయనకప్పుడు అరవై ఒకటి. ట్రెక్కింగు వాళ్ళ ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆయనకి హిందీ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇంగ్లీషు బోటు మీద రాసి ఉన్న మేరకే వచ్చు. ఆ ఆదివారం వాళ్ళింట్లో కూర్చుని ఆ ఫారం నేనే నింపాను. పిన్ని, అంటే ఆయన భార్య, చేపలు తోముతూ వంటగదిలోంచి నవ్వింది.

"ఫేను కింద కూకుంటే సలేత్తాదని దుప్పటి కప్పుకునే మనిషి. ఈయన మంచులోకెల్తాడంట!"

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. నేను ఆఖరి గడి నింపగానే, "ఇంకోటి తియ్యి. దాంట్లో నీ పేరు రాయి," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేను రాశాను.

బయల్దేరడానికి ఐదు నెలలు ఉంది. ఇద్దరిలో ఎవరికీ స్వెట్టరు లేదు. కొండబూట్లు పోర్ట్‌బ్లెయిర్ కొట్లలో దొరకలేదు. ఆర్డరు పెడితే ఓడలో వచ్చేసరికి నెల పట్టింది. కొత్త బూట్లతో కొండెక్కితే పాదాలు బొబ్బలెక్కుతాయని ఎవరో చెప్పారని, ఆయన వాటిని రాగానే వాడకంలో పెట్టేశాడు. లుంగీ కింద ఆ బూట్లు వేసుకుని ఫెర్రీ ఎక్కేవాడు, జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్ళేవాడు, పెళ్ళికి కూడా వెళ్ళాడు. జెట్టీ దగ్గర ఆటోవాళ్ళు, "క్యా సరంగ్ సాబ్, ఎవరెస్ట్ కబ్?" అని అరిచేవాళ్ళు. "మే నెలలో," అని ఆగకుండా జవాబిచ్చి వెళ్ళిపోయేవాడు.

చలి అలవాటు చేసుకోవాలని ఆయన చేసిన పని మాత్రం నేను చూడకపోతే నమ్మేదాన్ని కాదు. పిన్ని తమ్ముడు జంగ్లీఘాట్‌లో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతన్ని బతిమాలి, ఐసు దిమ్మలు నిలవ చేసే గదిలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక శనివారం నన్నూ తీసుకెళ్ళాడు. రెండు పొరల బట్టలు, చేతులకి ఉన్ని తొడుగులు. చుట్టూ దిమ్మల మీంచి తెల్లటి పొగ లేస్తోంది. ఆ తొడుగులతోనే బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టమన్నాడు. నాకు నాలుగోసారికి గాని ముడి పడలేదు. బయట చేపల తట్టలు దింపుతున్న ఆడవాళ్ళు తలుపు సందులోంచి చూసి పడీ పడీ నవ్వారు.

"నవ్వనీ," అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. "అక్కడ ఏళ్ళు కొంకర్లు పోతే ముడి ఎవుడొచ్చి కడతాడు?"

బరువు మోయడం, చలి, బూట్లు, ఇవన్నీ దీవుల్లోనే ఎలాగో సమకూర్చుకున్నాం. గాలి పలచబడటం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఫిట్‌నెస్ కాగితం కోసం వెళ్ళినప్పుడు ఆ సంగతే డాక్టరుని అడిగాడు. ఎత్తులో తలనొప్పి, వికారం ఎవరికైనా రావచ్చనీ, కండబలానికీ దానికీ సంబంధం లేదనీ డాక్టరు చెప్పాడు. మెల్లగా ఎక్కండి, నీళ్ళు తాగండి, తల నొస్తే వెంటనే చెప్పండి, తగ్గకపోతే దిగిపోండి అన్నాడు. తిరుగు ఫెర్రీలో ఆయన ఆ నాలుగు మాటలూ నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. నేను నాలుగూ గడగడా అప్పగించాను.

మే నెలలో కోల్‌కతాకి విమానం, అక్కణ్ణుంచి రైలు, తర్వాత ఒక రోజంతా జీపు. మొదటి రెండు రోజుల నడక హాయిగా సాగింది. మా గుంపులో పదకొండు మంది, అందరూ మాకంటే చిన్నవాళ్ళు. వాళ్ళు ముందు పరుగెత్తి, రాళ్ళ మీద కూలబడి రొప్పేవాళ్ళు. మేము కూరల గురించి మాట్లాడుకుంటూ వాళ్ళని దాటిపోయేవాళ్ళం. గైడ్‌కి ఆ నడక నచ్చింది. ఆయన్ని కప్తాన్ సాబ్ అని మొదట పిలిచింది అతనే.

మూడో రోజు మధ్యాహ్నం, పన్నెండు వేల అడుగుల మీద గుడారాలు వేసిన చోట, నాకు తల నొప్పి మొదలైంది. కణతల దగ్గర పట్టుకుని వదల్లేదు. అన్నం వాసనకే కడుపులో తిప్పింది. సాయంత్రం గైడ్ అందరి వేళ్ళకీ ఆక్సిజన్ చూసే మిషను తగిలించి చూస్తూ, తల ఎలా ఉందని ఒక్కొక్కరినీ అడిగాడు. ఆయనా అడిగాడు. ఇద్దరికీ బాగానే ఉందన్నాను. ఎందుకలా చెప్పానంటే ఆఫీసులో అందరికీ చెప్పి వచ్చాను. ఐసు గదిలో కూర్చున్నందుకు నవ్వినవాళ్ళకి కూడా చెప్పి వచ్చాను. కనుమ ఇంకొక్క రోజు నడకే.

తెల్లారేసరికి రెండుసార్లు వాంతి అయింది. మొహం కడుక్కుని, ఏమీ కానట్టు టీ దగ్గరికి నడిచాను. చదునైన గడ్డి నేల మీదే పక్కకి తూలాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒలే, మొన్న కిందూళ్ళో ఏటి కూర తిన్నాం?"

నోరు తెరిచాను. ఆ కూర కళ్ళకి కనిపిస్తోంది గాని పేరు రావడం లేదు. కాసేపటికి, "పచ్చగా ఉంది," అన్నాను.

ఆయన గైడ్‌ని కేకేశాడు. అతను నన్ను గీత మీద నడిచినట్టు ఒక కాలి ముందు ఇంకో కాలు పెట్టి నడవమన్నాడు. నాలుగో అడుగుకే పడబోయాను. వెంటనే దించేయాలన్నాడు. "మా మనిషి ఒకతన్ని తోడిచ్చి పంపిస్తాను. కప్తాన్ సాబ్, మీరు మాతో రండి. మీకేమీ ఇబ్బంది లేదు. ఇవాళ మధ్యాహ్నానికి కనుమ మీద ఉంటారు."

"నాను దిగుతాను," అన్నాడాయన. అప్పటికే నా బ్యాగు తన భుజానికి తగిలించుకున్నాడు.

నేను ఏడ్చాను. "వద్దు బాబాయ్. మీరెళ్ళండి. మళ్ళీ ఏడాదికి మీకు అరవై రెండు వస్తాయి. వీళ్ళు రానిస్తారో లేదో."

"నిన్ను ఎవుడికో అప్పగించీసి నాను పైకెల్లి ఏటి సూత్తాను? అంతసేపూ నీ తలకాయే గుర్తొత్తాది. నడు."

దిగే దారిలో రెండు గంటలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా మోచెయ్యి మాత్రం వదల్లేదు. జారుడు చోట్ల ముందు తను దిగి, భుజం ఇచ్చి నన్ను దింపేవాడు. చివరికి నేనే, "తల నొప్పి నా చేతిలో ఉందా బాబాయ్, కోపమెందుకు?" అన్నాను.

ఆగాడు. అంత కోపం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"నొప్పొచ్చినందుకా నాకు కోపం? దాసినందుకు. నాను అడిగినాను, గైడు అడిగినాడు, ఇద్దరికీ అబద్ధం సెప్పినావు. బోటులో నీళ్ళొత్తన్నాయని తెలిసీ ఇంజన్ రూములోవోడు సరంగుకి సెప్పకపోతే ఏటవుతాది? మీ ఆయన్ని అడుగు, సెప్తాడు. నిన్న సెప్పుంటే అక్కడే ఒక్క రోజు ఆగేవోళ్ళం. తగ్గేదేమో."

మధ్యాహ్నం దాటి దేవదారు చెట్ల దాకా వచ్చేసరికి తల తేలికపడింది. కింది ఊళ్ళో టీకొట్టు దగ్గర పరాటాల వాసన వస్తే, ఆకలేస్తోంది అన్నాను. ఆయన మొహం విప్పారింది. "దో పరాఠా! నహీఁ, చార్!" అని అరిచాడు. నేను తింటున్నంతసేపూ కొండవైపు వీపు పెట్టి కూర్చుని, బూట్ల లేసులు విప్పుతూ కడుతూ ఉన్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి పైకి చూశాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అక్కడ చెమట పట్టే ఎండ లేదు.

ఊరికి తిరిగొచ్చిన వారానికి పిన్ని మా ఇంటికి వచ్చింది. చందువా చేపలు తెచ్చి నా చేతిలో పెట్టి, రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేపోతే ఈయన ఏటైపోనో! తలనొప్పొచ్చి తూలిపోతంటే నువ్వే పట్టుకుని దింపినావంట కదే."

జెట్టీ దగ్గర కూడా అదే కథ. ఆటోవాళ్ళు ఆయన్ని చూసి తూలుతున్నట్టు నటించి నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నేను నిలదీశాను.

"అబద్ధం చెప్పానని నన్ను తిట్టి, మీరెందుకు చెప్పారు?"

"నాను రిటైరు మనిషిని. నవ్వితే నవ్వుతారు. నువ్వు ఇంకా పాతికేళ్ళు ఆ ఆఫీసుకెల్లాల," అని మలుపు తిరిగి నడిచాడు.

నేను ఊరుకున్నాను. అలా ఊరుకోవడం ఎంత సుఖంగా ఉందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మళ్ళీ ఏడాది మే నెల కోసం ఫారాలు నింపాం. ఆయన మళ్ళీ బ్యాగులో సీసాలు నింపుకున్నాడు, మళ్ళీ ఐసు గదిలో కూర్చున్నాడు. ఫిట్‌నెస్ కాగితం దగ్గర అంతా ఆగిపోయింది. ఆయన కథ డాక్టరు దాకా కూడా వెళ్ళింది. ఈ వయసులో, పైగా ఒకసారి అంత ప్రమాదంలో పడ్డ మనిషికి నేను సంతకం పెట్టనన్నాడు. ఆయన వాదించకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం కొండ దగ్గరికి రాలేదు. మర్నాడూ రాలేదు.

మూడో రోజు ఆఫీసుకి సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గదిలో నా వెనక వరసలో సగం మంది బాంబూఫ్లాట్ వాళ్ళే. తలుపు తెరిచే ఉంది. నిజం చెబితే నా కాగితమే చిరిగిపోవచ్చని తెలుసు.

"డాక్టరుగారూ, కిందటేడు తూలింది ఆయన కాదు, నేను. రెండు పూటలు దాచింది కూడా నేనే. ఆయనకి చీమ కుట్టినంత బాధ కూడా లేదు. నా కోసం కనుమ వదిలేసి దిగాడు. తర్వాత నా పరువు కోసం తన మీద వేసుకున్నాడు."

వెనక గుసగుసలు మొదలయ్యాయి. డాక్టరు కళ్ళజోడు తీశాడు.

"మరి నీ ఫారం మీద సంతకం ఎవరు పెట్టాలి?"

"మీరే. ఒప్పుకోకపోతే నేను ఆగిపోతాను. ఆయన్ని మాత్రం పంపండి."

మర్నాడు ఆయన్ని పరిగెత్తే మిషను ఎక్కించారు. లుంగీ విప్పి ప్యాంటు వేసుకోమంటే కాసేపు గొడవ చేశాడు. మిషను మీద ఎడమ మోకాలితో మాట్లాడుతుంటే నర్సు కంగారుపడి డాక్టరుని పిలిచింది. రెండు కాగితాల మీదా సంతకాలు పడ్డాయి. నాది పడటానికి మూడు షరతులు. ఎత్తు పడటానికి ఇచ్చే మాత్రలు ముందే వేసుకోవాలి, పన్నెండు వేల దగ్గర ఒక రోజు ఎక్కువ ఉండాలి, నొప్పి వచ్చిన గంటలోపు గైడ్‌కి చెప్పాలి.

ఇంటికొచ్చే ఫెర్రీలో ఒకావిడ, "నువ్వేనంటగా పడిపోయింది?" అంది. "నేనే," అన్నాను. ఆయన రెయిలింగు దగ్గర నిలబడి నీళ్ళవైపు చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

ఆ ఏడు పన్నెండు వేల దగ్గర నాకు మళ్ళీ తల నొచ్చింది. గంట కాదు, పది నిమిషాల్లో చెప్పాను. ఇద్దరం ఒక రోజంతా అక్కడే గడ్డి మీద కూర్చుని నీళ్ళు తాగాం. వెల్లుల్లి సూపు తాగాం. సాయంత్రానికి నొప్పి పోయింది. మర్నాడు కనుమవైపు ఎక్కుతుంటే గడ్డి అయిపోయి రాళ్ళు వచ్చాయి, రాళ్ళయిపోయి మంచు వచ్చింది. ఆఖరి ఏటవాలు దగ్గర ఆయన ఆగిపోయాడు. ఎడమ మోకాలు వంగనంటోంది. ఈసారి దాన్ని బుజ్జగించలేదు. గైడ్‌ని పిలిచి, "ఘుట్నా దుఖ్ రహా హై," అని మోకాలి నొప్పి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. గైడ్ పట్టీ కట్టి, పది అడుగులకోసారి ఆగమన్నాడు. పది అడుగులు, ఆగడం. మళ్ళీ పది. గుంపు మమ్మల్ని దాటిపోయింది. గాలి మొహానికి కొడుతోంది. నేను ముందు నడుస్తూ మంచులో అడుగులు గట్టిగా తొక్కి మెట్లు చేశాను. ఆయన వాటిలో కాళ్ళు పెట్టి వచ్చాడు.

పైన పది నిమిషాలకంటే ఎక్కువ ఉండనివ్వలేదు. ఆయన ఫోటోలు తీసుకోలేదు. ఎక్కి వచ్చిన లోయ చూశాడు, దిగాల్సిన లోయ చూశాడు. "సూసీసినాను. చలో," అన్నాడు.

అవతలివైపు రెండు గంటలు దిగాక ఒక బండ దగ్గర ఫోన్‌కి సిగ్నల్ అందింది. పిన్నికి కలిపి ఆయన చేతికిచ్చాను. ఆమె మాట నాకూ వినిపిస్తోంది.

"ఎక్కీసినావా?"

"ఎక్కీసినాం."

"ఏటున్నాది పైన?"

"ఏటీ లేదే. గాలి కూడా సరిగ్గా లేదు." తర్వాత గొంతు తగ్గించి, "మళ్ళీ యేడు నువ్వు కూడా వత్తావా?" అన్నాడు.

"ఆ మాట తరవాత. ముందు నువ్వు కిందకి దిగు."

ఆయన గట్టిగా నవ్వి, ఫోన్ నాకిచ్చేసి, బ్యాగు ఎత్తుకుని దారిలో పడ్డాడు.